ముందుజాగ్రత్త మందు

“సూదిమందు ఇచ్చేవా అమ్మా?” ఐసీయూ తలుపు తీసుకుని బయటికొచ్చిన నర్సు రాచెల్‌ను వర్ధనమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

“ఇచ్చేనండి.”

“ఎప్పుడు?”

“ఇప్పుడేనండి. మీరే కదండీ సీసా తెచ్చి నా చేతిలో పెట్టేరు.”

“పెట్టేను. లోపల ఏటి జరిగిందో నాకెలాగ తెలుస్తాది?”

పూటపూటకీ ఇదే ప్రశ్నకు జవాబు చెప్పి రాచెల్ విసిగిపోయింది.

అది 2004. నర్సీపట్నంలోని ఆ చిన్న ప్రైవేటు ఆసుపత్రికి ఉన్నది ఒకటే వెంటిలేటరు. దాని మీద ఉన్నవాడు మౌళి. వర్ధనమ్మకూ, దక్షిణామూర్తి మాస్టారికీ ఒక్కగానొక్క కొడుకు. ఏజెన్సీ కొండల్లో బడిపంతులు. అద్దె గదిలో చాప మీద పడుకుంటే కట్లపాము కరిచింది. విషానికి ఒళ్లంతా చచ్చుబడిపోయింది. కనురెప్ప ఎత్తలేడు, పెదవి కదపలేడు, తన ఊపిరి తను తీసుకోలేడు. కాని తెలివి ఉంది, చెవులు వినబడతాయి. తల్లిని కోసేస్తున్నది ఆ సంగతే.

“విషానికి విరుగుడు ఇచ్చేం. బలం మెల్లగా దానంతటదే వస్తాది. అంతవరకు మిషను ఊపిరి ఇస్తాది,” అని చేర్చిన రోజే చెప్పాడు డాక్టర్ శ్యాంబాబు. “నా భయమల్లా నిమోనియా గురించేనండి.”

“మావాడికి జలుబైనా లేదు కదండీ,” అన్నారు మాస్టారు.

“నోట్లోంచి ఊపిరి గొట్టం వేసినవాళ్లకి అలాగే వస్తాదండి. మీ అబ్బాయి గుటక వెయ్యలేడు. నోట్లో ఊరిన ఉమ్మి గొట్టం పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారుతాది. దాంతోపాటు క్రిములూ దిగుతాయి. అందుకే నర్సు ఎప్పటికప్పుడు పైపు పెట్టి లాగేస్తా ఉంటాది.”

“రాకుండా మందు లేదా బాబూ?” వర్ధనమ్మ అడిగింది.

“ముందుగానే యాంటీబయాటిక్ ఇచ్చేవాళ్లున్నారు. వద్దనేవాళ్లూ ఉన్నారు. జబ్బు లేకుండా వాడితే క్రిములు మందుకి అలవాటు పడిపోతాయండి.”

“చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏటి లాభం? ఇప్పుడే ఇచ్చీండి.”

శ్యాంబాబు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. వర్ధనమ్మకు కొండంత ధైర్యం వచ్చింది. మనిషి చెయ్యాల్సింది మనిషి చేస్తే, మిగతాది దేవుడు చూసుకుంటాడని ఆవిడ నమ్మకం.

ఆ రోజు నుంచీ ఐసీయూ గుమ్మానికి ఆవిడే కాపలా. మందుల షాపులో సీసా మీది తేదీ కళ్లజోడు పెట్టుకుని మరీ చూసేది. నక్కపల్లి నుంచి పరుగెత్తుకొచ్చిన సొంత ఆడపడుచును, “బస్సు దుమ్ముతో లోపలికి ఎలాగెళ్తావమ్మా?” అని గుమ్మంలోంచే తిప్పి పంపేసింది. ఆవిడ అలిగి మళ్లీ రాలేదు. మాస్టారిని సైతం అద్దంలోంచే చూడమంది. తను మాత్రం స్నానం చేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, పొద్దుటా సాయంత్రమూ కొడుకును చూసి వచ్చేది.

ఇంత చేసినా మౌళికి జ్వరం వచ్చింది. ఎక్స్‌రేలో కుడివైపు ఊపిరితిత్తి మీద తెల్లని మచ్చ కనబడింది.

“నిమోనియానే,” అన్నాడు శ్యాంబాబు. అతని మొహం కూడా పాలిపోయి ఉంది. “మంచం తలవైపు ఎత్తుగానే ఉంది. గొట్టం సరిగ్గానే ఉంది. మందు పడతా ఉండగా ఇంత బేగి ఎలాగొచ్చిందో అర్థం కావట్లేదండి.”

“నాకర్థమయ్యింది,” అంది వర్ధనమ్మ. “ఆ పిల్ల మందు సరిగ్గా ఇవ్వలేదు. ఉమ్మీ సరిగ్గా లాగలేదు.”

రాచెల్ కళ్లు నీళ్లతో నిండిపోయాయి. “దేవుడి తోడండి. ఒక్క పూట మానలేదు. ఎంత లాగినా మళ్లీ ఊరిపోతన్నాదండి, నేనేటి చెయ్యను?”

“విన్నారా? ఇప్పుడు తప్పు మావాడి నోటిదట.”

“వర్ధనం, ఊరుకో. ఆడపిల్లని అంతమాట అనకు,” అన్నారు మాస్టారు.

“మీరూరుకోండి. రేపు జరగరానిది జరిగితే ఆ పిల్ల తెచ్చిస్తాదా కొడుకుని?”

అనుమానం పెనుభూతం అంటారు. అది మాస్టారి మనసులోకీ దూరిపోయింది. శ్యాంబాబు రాచెల్‌ను కింది వార్డుకు మార్చి, సోఫియా అనే మరో నర్సును ఐసీయూలో వేశాడు. రాచెల్ ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. వర్ధనమ్మకు ఒక్క క్షణం జాలేసింది. కొడుకు గుర్తొచ్చి ఆ జాలిని దిగమింగుకుంది.

“ఇంకా గట్టి మందు మొదలుపెడుతున్నానండి,” చెప్పాడు డాక్టరు. “పొద్దున్న అబ్బాయి వేలు కదిపేడు. విషం దిగిపోతన్నాది. ఈ ఒక్క గండం దాటితే లేచి కూర్చుంటాడు. దీనికి కూడా తగ్గకపోతే మాత్రం నా చేతిలో ఇంకేం లేదు.”

సాయంత్రం వర్ధనమ్మ ఎప్పటికన్నా ఎక్కువసేపు చేతులు కడుక్కుంది. సోఫియా పక్కకు తప్పుకుని దారిచ్చి, కొత్త సూదిమందు కలపడానికి అటు తిరిగింది.

వర్ధనమ్మ కొడుకు చెవి దగ్గరకు వంగింది. “భయపడకు నాన్నా. ఆ పిల్లని పంపించీసేను. ఇంక నీకేం కాదు.”

దుప్పటి మీద మౌళి వేలు అటూ ఇటూ కదిలింది. ఆగి, మళ్లీ అటూ ఇటూ కదిలింది. బిడ్డ తనను గుర్తుపట్టాడని ఆ తల్లి కళ్లు తుడుచుకుంది.

తర్వాత, రోజూలాగే, కొంగుచాటు సీసాలోంచి ఉద్ధరిణెడు తీర్థం వాడి నోట్లో పోసింది.