ఆఖరి జత షాకర్లు

"ఆ జత మాకిప్పించండి భాయీసాబ్. మా అత్తగారికి నడుం విరిగింది."

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో సునందకే తెలియదు.

ఎదురుగా నిలబడ్డ మనిషి తెల్లబోయి చూశాడు.

ఢిల్లీలో నజఫ్‌గఢ్ రోడ్డు పక్కన గ్యారేజీ అది. సునంద, నిరంజన్ ద్వారక నుంచి తమ పాత మోటార్‌హోమ్‌ని పొద్దున్నే అక్కడికి తెచ్చారు. రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, పిసరంత సింకు ఉన్న వ్యాను. మర్నాడు అందులో కొండలకి ప్రయాణం.

మెకానిక్ దశరథ్ బండి కిందికి దూరి, పెదవి విరుస్తూ బయటికొచ్చాడు.

"వెనక కుదుపు ఆపే షాకర్లు రెండూ చచ్చిపోయాయి మేడమ్. వీటితో ఘాట్ రోడ్డెక్కితే మలుపులో బండి నిలబడదు."

"కొత్తవి వెయ్యి భయ్యా."

"ఈ మోడల్‌వి ఒక్క జతే ఉంది. అది ఆయనది. మళ్ళీ సరుకు వచ్చే వారమే."

'ఆయన' బండీ అలాంటిదే. ఇంకాస్త పాతది. వేపచెట్టు కింద ఆగి ఉంది.

అప్పుడే సునంద అత్తగారి నడుం విరగ్గొట్టింది.

"పక్కకి తిప్పితే అరుస్తారా?" ఆ మనిషి హిందీలో అడిగాడు.

"అరుస్తారు. చిన్న కుదుపుకే ప్రాణం పోయినంత పనవుతుంది."

ఆయన తలదించుకున్నాడు.

నిరంజన్ భార్యను వేపచెట్టు నీడలోకి, ఆ రెండో బండి కర్టెన్ వేసిన కిటికీ పక్కకి లాక్కెళ్ళాడు.

"మా అమ్మ నడుమే దొరికిందా నీకు? పొద్దున ఆవకాయ జాడీ ఎత్తి అటక మీద పెట్టింది మహాతల్లి!"

"మరేం చెప్పమంటారు? మా అమ్మాయి పరీక్ష పోయి గదిలో తలుపేసుకుని కూర్చుంది, మూడు నెలలుగా మాతో మాట్లాడట్లేదు అని చెప్పనా? చెప్తే ఇస్తాడా?"

"మెల్లగా."

"ఏం ఫర్లేదు. ఇక్కడ మన తెలుగు ఎవడికొచ్చు?"

ఢిల్లీకొచ్చినప్పటి నుంచీ ఆమెకదే ధైర్యం. మెట్రోలో, లిఫ్టులో, కూరగాయల బండి దగ్గర, పరాయివాళ్ళు వినకూడనిదంతా తెలుగులోనే.

"నిన్న తలుపు సందులోంచి 'కొండలకైతే వస్తానమ్మా' అంది వైశాలి," సునంద అతని చెయ్యి పట్టుకుంది. "రేపు తప్పితే ఆ మాట మళ్ళీ అంటుందో, అనదో. నాకు భయంగా ఉందండీ."



ఆ మనిషి తన బండెక్కి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి దిగి, తిన్నగా సునంద దగ్గరికే వచ్చాడు.

"తీసుకోండి దీదీ. మీ మనిషికే ముందు అవసరం."

సునంద చేతులు జోడించింది. ఆయన కళ్ళలోకి చూడలేకపోయింది.

"చూశావా, మా అమ్మ నడుం ఎంత పని చేసిందో!" నిరంజన్ ఆమె చెవిలో అని నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు.

దశరథ్ బండిని జాకీల మీద లేపాడు. నూనె కారుతున్న పాత షాకర్లు ఊడదీశాడు. అరిగిన రబ్బరు బుష్‌లు మార్చి కొత్తవి ఎక్కించాడు. బండిని దించి, బరువంతా చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు బిగించాడు.

రెండో బండికి మాత్రం కింది కమాన్ స్ప్రింగులకి గ్రీజు పూసి, వదులైన నట్లు బిగించి వదిలేశాడు.

"ఇంతకంటే ఏం చెయ్యలేను సాబ్. మెల్లగా పోండి."

"మెల్లగానే పోతాం," అన్నాడాయన.

సునంద ఉండబట్టలేక ఒక టీ గ్లాసు పట్టుకెళ్ళి ఇచ్చింది. టీ ఇస్తే పాపం కడుక్కుపోతుందన్నట్టు.

"రేపే బయల్దేరుతున్నారు కదూ?" ఆయన మళ్ళీ హిందీలోనే అడిగాడు.

"అవునండీ."

"కిటికీ పక్కన కూర్చోనివ్వండి. దారిలో ఎక్కువ ప్రశ్నలు వెయ్యకండి."

నడుం విరిగిన మనిషిని కూర్చోబెట్టమంటాడేమిటి అనుకుంది సునంద. అయినా తలూపింది. అబద్ధమాడాక దేనికైనా తలూపక తప్పదు.

సాయంత్రం రెండు బళ్ళూ ఒకేసారి బయటపడ్డాయి.

"పూలరథంలా పోతోంది!" స్టీరింగ్ తడుతూ మురిసిపోయాడు నిరంజన్. గుంతలో పడ్డా మంచం మీద దిండు కదల్లేదు.

ముందు వెళ్తున్న ఆ బండి ప్రతి గుంతకీ ఆగి, దిగి, ఊగుతూ ఎక్కుతోంది. వెనక కార్లు ఒకటే హారన్లు.

"ఏం నడుపుతాడండీ బాబూ, పెళ్ళి ఊరేగింపులా!" నిరంజన్ విసుక్కున్నాడు.

"అనకండి. ఆయన షాకర్ల మీదే మీరు పోతున్నారు."

ఎర్రలైటు దగ్గర రెండు బళ్ళూ పక్కపక్కన ఆగాయి.

నిజం చెప్పేద్దామనుకుంది సునంద. కనీసం మా అత్తగారు క్షేమంగానే ఉన్నారని. గబగబా కిటికీ అద్దం జరిపింది.

ఆయన ఆమెను చూడలేదు. సీట్లో వెనక్కి తిరిగి, లోపలికి వంగి మాట్లాడుతున్నాడు.

తెలుగులో.

"బాగా నొప్పిగా ఉందా లీలా?"

సునంద చెయ్యి అద్దం మీదే ఉండిపోయింది.

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆ బండి ఒక్క కుదుపు కుదిపి కదిలింది. కిటికీ కర్టెన్ వెనక నుంచి, పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటున్న ఆడగొంతు వినిపించింది.

"నా విరిగిన నడుం ఎక్కడికి పోతుందండీ, వచ్చే వారం దాకా ఓర్చుకుంటాను... ముందు ఆ పిల్లని గదిలోంచి బయటికి రానివ్వండి."