రాజన్న కుంచె

సక్కుబాయి ఆసుపత్రి నుంచి ఉప్పుగూడలోని ఇంటికి వచ్చేసరికి వైకుంఠం వాకిట్లో కూర్చుని కుంచె కడుగుతున్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కూతురు రజితకు జ్వరం దిగడం లేదు. నిన్నటి నుంచి కళ్లు కూడా తెరవడం లేదు. డాక్టర్లు చూద్దాం అంటారు తప్ప మరో మాట అనరు. పిల్ల పక్కన తన తల్లిని కూర్చోబెట్టి, కళ్లు తెరిస్తే రెండు చెంచాలు పోద్దామని జావ కాచుకుపోవడానికి వచ్చిందామె. పొద్దున వార్డులో ఎవరో ముసలమ్మ ఏదో అడిగితే దిగ్గున లేచి వెళ్లిపోయిన మనిషి, ఇక్కడ కిరోసిన్ డబ్బా ముందేసుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

"పిల్ల అక్కడ గట్ల పడి ఉంటే నీకు బ్రష్షులు యాదికొచ్చినయా?"

"ఇదొక్కటే" అన్నాడు అతను తలెత్తకుండా.

బోర్డులు రాయడం వైకుంఠం పని. పని ముగియగానే కుంచెలన్నీ కిరోసిన్‌లో ఝాడించి, సబ్బుతో కడిగి, మొనలు సరిచేసి, కొబ్బరినూనె రాసి గానీ అన్నం ముందు కూర్చోడు. అందులోనూ ఈ సన్న కుంచెను భార్యను కూడా ముట్టుకోనివ్వడు. అక్షరాల అంచులు దిద్దడానికి తప్ప వాడడు. అది బజారులో కొన్నది కాదని మాత్రం ఆమెకు తెలుసు. ఎక్కడిదని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

మొన్న పత్తర్‌గట్టిలో ఓ బట్టల దుకాణం బోర్డు రాస్తుండగా, రజిత బడిలో పడిపోయిందని కబురొచ్చింది. ఆ కుంచెను ఎర్ర రంగులోనే వదిలేసి పరుగెత్తాడు. ఇప్పుడది రాయిలా బిగుసుకుపోయింది.

ఇంటి ఓనరు లక్ష్మీకాంతమ్మ మేడ దిగి వచ్చింది. పిల్ల ఎలా ఉందని అడిగి, సక్కుబాయి ముఖం చూసి జవాబు కోసం ఆగలేదు. వైకుంఠం అవస్థ చూసి మాత్రం ఊరుకోలేకపోయింది.

"ఎందుకయ్యా అంత తంటా? గట్టిపడిన మేరకు బ్లేడుతో కోసెయ్యకూడదూ?"

"వద్దమ్మా. ఒక్క ఎంట్రుక పోవద్దు."

"పోనీ థిన్నర్లో పడేసి వదిలెయ్యి. అదే కరుగుతుంది."

"శానసేపుంటే పెళుసై ఇరుగుతయమ్మా."

ఆవిడ తల పంకించి వెళ్లిపోయింది. వైకుంఠం కుంచెను మళ్లీ కిరోసిన్‌లో ముంచి, సూదితో ఒక్కో వెంట్రుకనూ విడదీయసాగాడు.

"ఇంకోటి కొనుక్కో" అంది సక్కుబాయి. "గంతగనం ఏమున్నది దాంట్ల?"

"ఇది నాది కాదు."

"మరెవరిది?"

"రాజన్నది."

సైదాబాద్‌లో గోడరాతల పనులు ఇప్పించే రాజన్న సక్కుబాయికీ తెలుసు. నోరు మంచిది కాదు. అయినా ఇంటి మీద పిడుగు పడ్డ వేళ ఆయన కుంచెనా?

"ఇన్నేండ్లు నీదే అనుకున్న" అంది.

"నేను సుత గట్లనే అనుకున్న."

"పిల్ల కంటె ఎక్కువనా గాయన? కొత్తది కొని మొకాన కొట్టు."

వైకుంఠం చేతిలోంచి సూది జారిపోయింది. "గట్లనకు సక్కూ, తప్పు. కొత్తది తీసుకోడు. ఆయనది ఆయనకే ముట్టాలె. అడగకుండ తీసుకున్న. దొంగతనమే."

"అయితే? సంపుతడా నిన్ను?"

"నన్నయితే ఫికర్ లేకపోవు."

ఆ క్షణంలో సక్కుబాయికి మొగుడంటే అసహ్యం వేసింది. పదేళ్ల కాపురంలో ఎన్నడూ అనిపించని అసహ్యం. ఏడుస్తూనే లోపలికెళ్లి స్టవ్ వెలిగించింది. జావ ఉండకడుతుంటే కలుపుతూ, పిల్ల కళ్లు తెరిచి నాయనేడీ అంటే ఏం చెప్పాలో తోచక కుమిలిపోయింది.

గిన్నె పట్టుకుని బయటికొచ్చేసరికి అతను సబ్బు నురగలో కుంచెను అరచేతికేసి మెల్లగా తిప్పుతున్నాడు. నురగ ఎర్రగా వస్తోంది. కడిగాడు, మళ్లీ సబ్బు పెట్టాడు. నురగ తెల్లబడేదాకా విడవలేదు. ఆఖరుకు కుచ్చు నల్లగా, పట్టులా విచ్చుకుంది. దాన్ని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"అయిందా నీ సేవ? పా ఇగ, పిల్ల దగ్గరికి."

"బ్లేడ్ ఇయ్యి" అన్నాడు.

ఇచ్చింది. అతను కుంచెకు చుట్టిన దారం కట్టును సర్రున కోసేశాడు. కర్ర ఒకవైపు, వెంట్రుకలు ఒకవైపు అయ్యాయి.

"పిచ్చి గిట్ల లేసిందా? గింతసేపు కడిగి ఇరగ్గొట్టి ఇస్తవా గాయనకు?"

"కట్టె నాది. ఇవే ఆయనవి."

పసుపు అద్దిన గుడ్డలో ఆ వెంట్రుకలన్నీ పోసి, కింద రాలినదాన్ని కూడా వేలి తడితో ఏరి, మూట కట్టాడు. చొక్కా జేబులో పెట్టుకుని లేచాడు.

"నువ్వు దవాఖానకు పో, సక్కూ. నేను వేములవాడ బస్సెక్కుత."

సక్కుబాయి గడప మీదే ఆగిపోయింది. వేములవాడలో వాళ్లకు తెలిసిన రాజన్న ఒక్కడే. ఆయన గుళ్లో కొలువై ఉంటాడు.

"ఎవరియి అవి?" అంది.

వైకుంఠం జేబు మీద చెయ్యి అదుముకున్నాడు.

"మొక్కు మొత్తం ముట్టిందా అని పొద్దున ముసలమ్మ అడిగింది. గుండు కొట్టిచ్చిన నాడు గుళ్లె నేను దాచుకున్న మన రజిత పుట్టెంట్రుకలు."