ఏలికపాముకు పెట్టిన పేరు

నా భార్య దహబియా పోయిన నలభయ్యో రోజున అందరికీ మాంసంతో కూస్కూస్ రవ్వ వడ్డిస్తూ, మూలూద్ పళ్ళెంలో మాత్రం నేను మాంసం వేయలేదు. పదకొండేళ్ళు పరిశోధనశాలలో ఆమెతో కలిసి, చచ్చిన నక్కల పేగుల్లో పురుగుల కోసం వెతికినవాడు అతను. నాతో కన్నా అతనితోనే ఆమె ఎక్కువ సమయం గడిపింది.

అందరూ వెళ్ళాక అతను జేబులోంచి చిన్న సీసా తీశాడు. స్పిరిట్‌లో తెల్లటి ఏలికపాము.

“కొత్త జాతి అన్నా. పోయేముందు తనే పేరు పెట్టింది.”

“తన పేరేనా?”

“సొంత పేరు పెట్టుకోకూడదు. మా శాస్త్రవేత్తల్లో అది తప్పు.”

“అయితే నీ పేరే.”

“ఎంత బతిమాలానో! వినలేదు. ‘పట్టుకుంటే వదలదు, అచ్చం మా ఆయనే’ అని నవ్వి, నీ పేరు పెట్టేసింది.” మూలూద్ తల వంచుకున్నాడు. “పదకొండేళ్ళుగా నువ్వంటే నాకు కుళ్ళు అన్నా.”

లోపలికి వెళ్ళి, మిగిలిన మాంసమంతా తెచ్చి అతని ముందు పెట్టాను.