వంగితే వెలిగింది

గదిలోకి అడుగు పెడుతూనే కత్తెర మాస్టారు పంకా ఆపించారు.

“కాగితాలు ఎగిరిపోతాయి,” అన్నారు.

బల్ల మీద ఉన్నది ఒకే ఒక్క కాగితం. దాని మీద ఇటుకంత థీసిస్ పుస్తకం పెట్టి ఉంది. ఆ కాగితం మీద మాస్టారి సంతకం పడితే ఎదురుగా నిలబడ్డ అమ్మాయికి డాక్టరేటు వస్తుంది. పడకపోతే ఐదేళ్ల చాకిరీ గాలికి పోయినట్టే. ఇప్పటికే పదకొండు మంది పరిశోధనల్ని అడ్డంగా కత్తిరించి పంపిన చెయ్యి అది. ఆయనకా పేరు ఊరికే రాలేదు.

మాస్టారు పుస్తకం మొదటి పేజీ తిప్పారు.

“‘సూదీ దారంతో నన్ను చదివించిన అమ్మకు.’ ఓహో, కుట్టుపని వాళ్ల పిల్లవా? అయితే మాకేం కుట్టుకొచ్చావు?”

పక్కనున్న గైడు మేడమ్ పళ్లు కొరికింది. అమ్మాయి మాత్రం నవ్వి, అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి బల్ల మీద పెట్టింది. అడుగున చిన్న దీపం. పైన రెండు నల్లటి పొరల మధ్య ఓ గాజు బిళ్ల. దీపం వెలుగుతూనే ఉంది కానీ బిళ్ల మాత్రం చీకటి.

“ఇందులో ద్రవస్ఫటికం ఉంది సార్. టీవీ తెరల్లో వాడేదే. దీని అణువులు సన్నటి పుల్లల్లా ఉంటాయి. వాటి వాటం మారితే వెలుతురు దారి మారుతుంది. నేను అందులో అయస్కాంతపు నలుసులు కలిపాను. ఆవగింజను కోటి ముక్కలు చేసినా ఆ ముక్క ముందు ఇవి పిపీలికాలే. చిన్న అయస్కాంతం చూపిస్తే చాలు, ఇవి తిరిగి పుల్లల్ని కూడా తిప్పేస్తాయి.”

“కోతలు కొయ్యకు! ఆ పుల్లల్ని తిప్పాలంటే బండంత అయస్కాంతం కావాలి.”

అమ్మాయి గోరంత అయస్కాంతం దగ్గర పెట్టింది. బిళ్ల తెల్లగా వెలిగింది.

మాస్టారు పెదవి విరిచారు. “ఎక్కడో స్విచ్చు దాచావు. ముందా అయస్కాంతాన్ని పక్క గది బీరువాలో పెట్టి తాళం వెయ్యండి.”

మేడమ్ అలాగే చేసొచ్చింది. బిళ్ల మళ్లీ చీకటి.

“ఇప్పుడు కాస్త వంగి చూడండి సార్,” అంది అమ్మాయి.

మాస్టారు తటపటాయించారు. తర్వాత నెత్తిన నిండు బిందె మోస్తున్నవాడిలా మెల్లగా వంగారు.

బిళ్ల వెలిగింది!

వెనక్కి జరిగారు. ఆరింది. వంగారు. వెలిగింది.

“దొరికావ్!” మాస్టారు చప్పట్లు కొట్టారు. “అయస్కాంతం లేకుండానే వెలుగుతోంది. నీ నలుసుల గుట్టు బయటపడింది. ఫెయిల్!”

“అయస్కాంతం ఉంది సార్. మీ దగ్గరే ఎక్కడో ఉంది.”

“నా దగ్గరా? ఉంటే వెతుక్కో!”

గడియారం, పెన్ను, ఫోను, కళ్లజోడు, ఆఖరికి బెల్టు కూడా తీసి దూరంగా కుర్చీలో పడేశారు. ప్యాంటు జారకుండా ఓ చేత్తో పట్టుకుని మళ్లీ వంగారు.

వెలిగింది.

“ఎక్కడుందో ఇదే చెబుతుంది లెండి. ఎంత దగ్గరైతే అంత వెలుగు,” అంటూ అమ్మాయి డబ్బాను చేతిలోకి తీసుకుంది.

బూట్ల దగ్గర చీకటి. మోకాళ్ల దగ్గర చీకటి. నడుం దగ్గరా అంతే. గడ్డం దాకా వచ్చేసరికి పిల్లికన్నులా మెరిసింది. చెవి వైపు జరుగుతుంటే ఇంకా, ఇంకా. మాస్టారు చటుక్కున తల వెనక్కి లాక్కున్నారు.

“మేడమ్, మనవాళ్లందర్నీ పిలవండి. చూసి నేర్చుకుంటారు,” అంది అమ్మాయి.

“వద్దు! ఎవర్నీ పిలవొద్దు!”

ఒక్క అంగలో కుర్చీ చేరి పెన్ను అందుకున్నారు. బరబరా సంతకం గీకారు. పక్కనే ‘అత్యుత్తమం’ అని కూడా రాశారు. అడగకుండానే. ఆయన మనసు మారేలోపు మేడమ్ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తింది.

బెల్టు బిగించుకున్నాక మాస్టారికి ప్రాణం కుదుటపడింది. పెద్దరికం కూడా తిరిగొచ్చింది.

“మీ అమ్మని అడిగానని చెప్పమ్మా. బట్టలు బాగా కుడుతుందా?”

“బట్టలు కాదు సార్, విగ్గులు,” అంటూ అమ్మాయి పంకా స్విచ్చు మీద వేలు పెట్టింది, “పోయిన నెల మీ విగ్గు జారకుండా అందులో ఆరు అయస్కాంతాలు కుట్టిచ్చింది మా అమ్మే.”