చప్పట్లు లేని ఎన్నిక

"మీ పేరు వెనక్కి తీసుకోండి నెరియో గారూ. అందరం కలిసి చప్పట్లు కొట్టేసి హాయిగా భోజనానికి కూర్చుందాం," అన్నాడు వలేరియో.

రోమ్ నుంచి పార్టీ అధినేత పంపిన అభ్యర్థి అతను. ఈ ఊరి శాఖకు కార్యదర్శిగా అతన్నే ఎన్నుకోవాలని పైనుంచి కబురొచ్చింది. ఎన్నుకోవడమంటే ఇక్కడ చప్పట్లు కొట్టడమే. వేదిక మీద పేరు చదువుతారు, కింద చప్పట్లు మోగుతాయి, ఏకగ్రీవం అని రాసేసుకుంటారు. ఎప్పుడూ అంతే.

"తీసుకోను," అన్నాడు నెరియో. టైల్స్ ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి, మాట కాస్త గట్టి. "ఈసారి చీటీలే. ఎవడేం రాశాడో దేవుడికి కూడా తెలియకూడదు."

"దేవుడా? మన పార్టీలోకి ఆయనెప్పుడు చేరాడ్రా?" అన్నాడు పక్కనే ఉన్న ఉగో. రోజూ సాయంత్రం నెరియోతో పేకాడేది అతనే. నలుగురూ నవ్వారు. నెరియో నవ్వలేదు.

"చూడు బాబూ," అన్నాడు వలేరియోతో. "వీళ్లు చప్పట్లు కొట్టేది భయపడి. పక్కవాడు కొడుతుంటే తను కొట్టకపోతే ఎలా అని కొడతారు. మా కార్యదర్శి ఎవరో రోమ్‌లో కూర్చున్న ఆయన చెప్పడమేంటని వీళ్లలో ప్రతివాడికీ కడుపుమంటే. చేతికి చీటీ ఇచ్చి చూడు, తెలుస్తుంది."

"సరే, మీ ఇష్టం."

"ఇంకో మాట. మా ఫ్యాక్టరీలో చీటీల ఎన్నికైతే పోటీ చేసేవాడు తన పేరు తను రాసుకోడు. ఎదుటివాడి పేరు రాస్తాడు. సిగ్గూ శరం ఉన్నవాళ్ల పద్ధతి అది. మీ రోమ్‌లో అలాంటివేం ఉండవులే."

వలేరియో పకపకా నవ్వాడు. "ఏ కాలంలో ఉన్నారండీ మీరు!" అంటూ లోపలికి వెళ్లిపోయాడు.

క్రిస్మస్ కేకు వచ్చిన అట్టపెట్టెకు పైన కత్తితో గాటు పెట్టారు. అదే ఓట్ల పెట్టె. వంటగదిలో గుమ్మడికాయ కూరిన పాస్తా, తోర్తెల్లీ, ఉడుకుతున్న వాసన హాలంతా నిండింది. ఒక్కొక్కరే మూలన కట్టిన తెర వెనక్కి వెళ్లి చీటీ రాసి వచ్చారు. నెరియో కూడా వెళ్లాడు. వలేరియో పేరు రాసి, చీటీ మడిచి పెట్టెలో వేశాడు. ఆ పేరు రాయడానికి అతనికి ఏ కష్టమూ అనిపించలేదు. గెలుస్తానన్న నమ్మకం అలాంటిది.

సభను నడిపే దిర్చె కళ్లజోడు పెట్టుకుని చీటీలు విప్పడం మొదలుపెట్టింది.

"వలేరియో. వలేరియో. వలేరియో."

మధ్యలో ఒక్కసారి ఆగి, "నెరియో," అంది. మళ్లీ వలేరియో. ఆఖరు చీటీ దాకా వలేరియోనే.

"వలేరియోకి ముప్పై ఏడు. నెరియోకి ఒకటి," అంది దిర్చె, అతనికేసి చూడకుండా.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చీటీల ఎన్నికలో కొట్టాలో వద్దో వాళ్లకు తెలియదు. ఎవరో వంటగదిలోకి తొంగిచూసి, "అయిందా? వడ్డించండి మరి," అన్నారు.

నెరియోకి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఏమీ అనిపించలేదు. చలిలో సైకిల్ తొక్కివచ్చాక వేళ్లు మొద్దుబారినట్టు లోపలంతా మొద్దుబారిపోయింది. ఎదురుగా ప్లేటు పెట్టారు. ఫోర్కు తీసుకున్నాడు, మళ్లీ పెట్టేశాడు. ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. ఆ ఒక్క ఓటూ నాది కాదు. అంటే ఈ గదిలో ఒక మనిషి ఉన్నాడు. ఒక్కడైనా ఉన్నాడు.

ఉగో కుర్చీ జరుపుకుని చెవిలో గొణిగాడు. "ఒరేయ్, ఆ ఒక్కటీ నాదేరా. ఎవరితోనూ అనకు."

నెరియో అతని చెయ్యి నొక్కాడు.

కాసేపటికి దిర్చె వైన్ పోయడానికి వంగి, "నీ పేరు చదువుతుంటే నా గొంతు వణికింది, విన్నావా? రాసింది నేనేగా," అంది.

బాత్రూమ్ దగ్గర, కింద బార్ నడిపే ఈవో అనే అతను భుజం తట్టాడు. "కామ్రేడ్, నేనొక్కణ్ణే నీ వైపు నిలబడ్డాను. గుర్తుపెట్టుకో."

ఆ తర్వాత ఇంకో ఇద్దరు వచ్చి అదే మాట చెప్పారు. నెరియో అందరికీ ఒకేలా తలూపాడు. ఎవరిది నిజమో ఆలోచించే ఓపిక కూడా లేకపోయింది. ఫోర్కు పక్కన తోర్తెల్లీ చల్లారిపోయాయి.

చివరికి అతని భార్య ఇర్మా కోటు పట్టుకుని వచ్చింది. ఆమె కూడా ఆ శాఖ సభ్యురాలే.

"పద, ఇంటికి పోదాం. ఏంటయ్యా ఆ మొహం?"

"ఆ ఒక్క ఓటూ నాదంటే నాదని అయిదుగురు చెప్పారు ఇర్మా."

"పిచ్చి మనిషివి! వాళ్ల మాటలు నమ్ముతావేంటి? అది నాదయ్యా. ఇన్నేళ్లు నీతో కాపురం చేసి, నీకు కాక ఇంకెవరికి వేస్తాను?"

నెరియోకి అప్పుడు మొదటిసారి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు. ఊరు పోతే పోయింది. పార్టీ పోతే పోయింది. ఇంట్లో మనిషి ఉంది, అది చాలు అనుకున్నాడు. ఇర్మా అతనికి కోటు తొడిగి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు ఒక్కొక్క గుండీ పెట్టసాగింది.

గుమ్మం దగ్గరికి వలేరియో పరుగున వచ్చి, రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నెరియో గారూ, ఇందాక నవ్వినందుకు ఏమీ అనుకోకండి. తెర వెనక్కి వెళ్లాక మీ మాటే గుర్తొచ్చి సిగ్గేసింది, నా చీటీ మీద మీ పేరే రాశాను."