తిమ్మిరి నేదు

సైనికుల వైద్య పరిశోధనలకు నిధులిచ్చే కమిటీ నా దరఖాస్తును మూడోసారి తిప్పి పంపింది. మంచుకొండల్లో జవాన్ల కాలివేళ్లు చచ్చుబడకముందే హెచ్చరించే మేజోడు నేను తయారుచేస్తున్నాను. విజయనగరం కాలేజీ ల్యాబులో నాలుగేళ్లు దానితోనే గడిచిపోయాయి.

కారణం ఒక్క వాక్యంలో రాశారు. "సర్వేలో ఏ జవానూ కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పలేదు కనుక దీని అవసరం లేదు."

ఆ కొండల నుంచే సెలవు మీద నరసన్నపేట వచ్చిన అన్నయ్య కామేష్‌కి ఆ ఉత్తరం చూపించాను.

"ఒక్కడికీ లేదా అన్నియ్యా?"

"ఉన్నాదని రాత్తే కిందకి దించేత్తారే. పెమోషన్ పోతాది. అందుకే అందరూ నేదని రాసినారు."

"నువ్వూ అబద్ధమే రాశావా?"

"నానెందుకు రాత్తాను? తొలేడు తిమ్మిరుండేది. తరవాత దానంతటదే పోనాది. సదువుకున్నోల్లకి అన్నీ బెంగలే!"

నాకు ఏడుపొచ్చింది. కాగితాలకు పెట్టిన గుండుసూదైనా తీయకుండా ఉత్తరాన్ని చింపి కింద పడేశాను.

అన్నయ్య నవ్వి, ఆ ముక్కల మీదుగానే వంటింట్లోకి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చాడు.

అతను నడిచిన మేర గచ్చు మీద ఎర్రటి చుక్కలున్నాయి. ఉత్తరం ముక్క ఒకటి గుండుసూదితో సహా అతని బొటనవేలికి గుచ్చుకుని ఉంది.

"ఏటే, అలా సూత్తన్నావు? నీల్లు తాగు," అన్నాడు అన్నయ్య.