క్లిప్పుల తీగ

మేడ మీద వరుసగా విశ్రాంత ఇంజనీరు, ఆయన భార్య, ఆమె తమ్ముడు నిలుచున్నారు. ఎదుట, ఒకటి ఎంచి కొనుక్కోవడానికి తెప్పించిన రేడియో యాంటెన్నా తీగలు రెండు పరచి ఉన్నాయి.

“ఇది తీసుకోండి బావగారూ. రేడియో బ్యాండ్లన్నీ కూర్చున్నచోటే మార్చుకోవచ్చు. రెండోదైతే మార్చినప్పుడల్లా దించి, తీగ పొడవు మార్చే క్లిప్పులు సర్దాలి. మీ మోకాళ్ళను అడిగారా?”

“బలహీనమైన పిలుపు రెండోదాంట్లోనే బాగా అందుతుందోయ్. మా రేడియో మిత్రుడు వానాకాలం నుంచీ పలకడం లేదు. ఏ బ్యాండులో పిలుస్తున్నాడో!”

బావమరిది తలదించుకున్నాడు.

“ఆయన పోయారు బావగారూ. వాళ్ళమ్మాయే రేడియోలో చెప్పింది.”

ఇంజనీరు భార్యవైపు తిరిగాడు.

“నీకు తెలుసా?”

“తెలుసండీ.”

“మరి కొంటానంటే ఊరుకున్నావేం?”

“వెతుక్కునే పనైనా మిగులుతుందని. క్లిప్పులు నేను మారుస్తాలెండి.”

ఆయన రెండో తీగనే ఎత్తి ఆమె చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం మిత్రుడి గొంతు ఏ బ్యాండులోనూ వినిపించలేదు. ప్రతి మార్పుకూ తీగను దించి, సర్ది, మళ్ళీ ఎత్తి కట్టినవారు శ్రీమతిగారేనని రేడియో చిట్టాలో కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేయడమైనది.